మన మన్యం చెట్లను లోకానికి చూపిన డాక్టరు రాక్స్‌బరో



మన వార్షిక సంచికలో సాధారణంగా ధర్మవిషయాలు, మహనీయుల చరిత్రలు, పిల్లల చదువులను గురించిన వ్యాసాలు వస్తుంటవి. ఈసారి ఒక స్కాట్లండు దేశపు డాక్టరు జీవితాన్ని ఎందుకు రాయవలసివచ్చిందని కొందరు అడగవచ్చు. విద్య ఎవరి వద్ద ఉన్నా అందుకోదగినదే అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. పైగా ఈయన చదివిన పుస్తకం మన ముంగిట్లోనే ఉంది. నర్సీపట్నం నుంచి తుని మీదుగా పోతే వచ్చే సామర్లకోటలో కూర్చొని, ఈ తూర్పు కనుమల చెట్టూ చేమా ఒక్కొక్కటే పరీక్షించి, వాటి తెలుగు పేర్లతో సహా రాసిపెట్టిన మనిషి ఆయన. రోలుగుంట పరిసరాల్లో మనం రోజూ చూసే అనేక చెట్ల శాస్త్రీయ నామం చివర కనబడే ‘రాక్స్‌బ్’ అన్న పొట్టి అక్షరాలు ఆయన ఇంటిపేరే.

మొక్కలను గురించిన విద్య మనవారికి కొత్తదేమీ కాదు. క్రీ.శ. తొమ్మిదో శతాబ్దంలో అబూ హనీఫా అద్దీనవరీ గారు అరబ్బీ భాషలో మొక్కలపైన పెద్ద గ్రంథం రచించారు. స్పెయిన్ దేశంలోని మాలగాలో పుట్టి 1248లో డమాస్కస్‌లో మరణించిన ఇబ్నుల్ బైతార్ గారు దేశదేశాలు తిరిగి సుమారు 1,400 ఔషధ ద్రవ్యాలను గురించి రాశారు. చెట్టును కళ్ళారా చూసి పరీక్షించడానికి ఇబ్నుల్ బైతార్ గారు ప్రాధాన్యమిచ్చారు. రాక్స్‌బరో కూడా ఆ దారినే నడిచారు.

బాల్యం – విద్య

విలియం రాక్స్‌బరో 1751లో స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించారు. ఎడింబరోలో వైద్యం చదువుకొన్నారు. ఆ కాలంలో వైద్యుడు కావాలంటే మొక్కలు తెలిసితీరాలి, ఎందుకంటే మందుల్లో ఎక్కువభాగం చెట్లనుంచే వచ్చేవి. అక్కడ జాన్ హోప్ అనే ఆచార్యుల వద్ద వృక్షశాస్త్రం నేర్చారు. స్వీడన్ దేశస్థుడైన లినీయస్ ఏర్పరచిన కొత్త వర్గీకరణ పద్ధతిని తన విద్యార్థులకు బోధించినవారిలో హోప్ ఒకరు. పువ్వులో కేసరాలు ఎన్ని, కీలాలు ఎన్ని అని లెక్కపెట్టి మొక్కకు స్థానం నిర్ణయించడం ఆ పద్ధతి.

తరువాత రాక్స్‌బరో ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వైద్య సహాయకుడిగా పనిచేసి, 1776లో మద్రాసు చేరి కంపెనీ వైద్యశాఖలో కుదిరారు. ఆ రోజుల నుంచీ వాతావరణ వివరాలను క్రమం తప్పక రాసుకోవడం ఆయనకు అలవాటయింది. ఆయన మద్రాసు డైరీలు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయినవి.

సామర్లకోట మకాం

1781లో ఆయనను సామర్లకోటకు పంపారు. అది అప్పట్లో కంపెనీ సిపాయిల మకాం. సిపాయిలకు వైద్యం చెయ్యడం ఆయన ఉద్యోగం. మిగిలిన పొద్దంతా మొక్కలతోనే. అక్కడ ఒక తోట వేశారు. మిరియం, నీలి, చెరకు, కాఫీ, పట్టుపురుగులకు మల్బరీ, ఇలా ఎన్నో పంటలు ప్రయత్నించారు. రాజమహేంద్రవరం సర్కారు కొండల్లో అడవి మిరియపు తీగ కనబడటంతో, ఈ ప్రాంతంలో మిరియం పండించవచ్చునని కంపెనీవారికి రాశారు.

ఆయనకు మార్గం చూపినవాడు కోనిగ్ అనే వైద్యుడు. ఆయన సాక్షాత్తు లినీయస్ శిష్యుడు. 1785లో కోనిగ్ కాకినాడ దగ్గర జగన్నాథపురంలో జబ్బుచేసి చనిపోయినప్పుడు ఆఖరి రోజుల్లో వైద్యం చేసినవారు రాక్స్‌బరోయే.

1787లో కోరంగి తీరాన్ని పెనుతుఫాను ముంచెత్తింది. ఆ వరదలో రాక్స్‌బరో గారి పుస్తకాలు, కాగితాలు, ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాలు నీళ్ళపాలయ్యాయి. ఏళ్ళతరబడి చేసిన శ్రమ ఒక్క తుఫానుకు పోయింది. ఇంకొకరైతే చాలించుకొని ఊరుకొనేవారు. ఆయన మళ్ళీ మొదటి ఆకునుంచి మొదలుపెట్టారు.

కరువు నేర్పిన పాఠం

1789 నుంచి 1792 వరకు ఉత్తర సర్కారుల్లో వానలు లేక భయంకరమైన కరువు వచ్చింది. వేలాది ప్రాణాలు పోయినవి. పసిఫిక్ మహాసముద్రపు ఎల్ నినో స్థితికీ ఆనాటి వర్షాభావానికీ సంబంధం ఉందని ఈనాటి పరిశోధకులు చెబుతున్నారు. ఆ వాన లెక్కలు రాసినవారిలో రాక్స్‌బరో ముఖ్యులు. జనం ఎలా పస్తులున్నారో, ఏం తిని బతికారో కళ్ళారా చూశారు. వరి ఒక్కటే నమ్ముకొంటే వాన తప్పిన ఏడు గింజ ఉండదు. అందుకని దారుల వెంట, కాలువ గట్ల వెంట కొబ్బరి, తాటి, ఖర్జూరం, అరటి, పనస, సీమపనస వంటివి నాటించాలని ప్రభుత్వానికి సూచించారు. ఒకసారి వేళ్ళూనితే ఏళ్ళతరబడి ఫలమిచ్చే చెట్లు కరువునాడు ప్రాణం నిలుపుతవని ఆయన ఆలోచన.

ఎవరైనా నాటిన చెట్టునుంచి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తింటే అది నాటినవాడికి దానంగా లెక్కకు వస్తుందని మన ప్రవక్త (స.అ.స.) వారు ఉపదేశించారు. ఆ సంగతి ఎరిగిన మనకు రాక్స్‌బరో సూచన విలువ వేరే చెప్పనక్కరలేదు.

చెట్టును గుర్తించడమెలా?

రాక్స్‌బరో పని ఏమిటో అర్థం కావాలంటే ఆయన చెట్టును ఎలా చూశారో తెలియాలి. గింజ పట్టే మొక్కలు రెండు తెగలు. సైకస్ చెట్టుకు గింజలు పైకే కనిపిస్తాయి, వాటిపైన కాయ అనే కప్పు ఉండదు. ఇవి నగ్నబీజాలు. కాయలోపల గింజ దాగి ఉన్నవి ఆవృతబీజాలు. వీటిలో మళ్ళీ వరి, కొబ్బరి, జీలుగు వంటివి ఒంటిపప్పువి. కంది, చింత, మామిడి రెండుపప్పులవి.

మన జీడితోటలే చూడండి. పిల్లలు చీకి తినే ఎర్రని, పచ్చని జీడిపండు నిజానికి కాయ కాదు, ఉబ్బిన పువ్వుకాడ. దాని కింద వేలాడే గట్టి జీడిపిక్కే అసలు కాయ. దాన్ని కొడితే లోపల వచ్చే పప్పు గింజ. ఆ పప్పు రెండు బద్దలుగా విడిపోతుంది గనుక జీడి రెండుపప్పుల తెగకు చెందింది. చెట్టు రోజూ కళ్ళముందున్నా ఈ సంగతి ఎంతమంది గమనించారు?

ఇంకొక ఉదాహరణ చెబుతాను. మన జిల్లాలోనే ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడేది అంకుడు కర్ర. ఈ చెట్టును కొన్నిచోట్ల తెడ్లపాల అంటారు. దీని ఆకులనుంచి నీలిరంగు తియ్యవచ్చునని రాక్స్‌బరో పరీక్షచేసి రాశారు. ఆ బొమ్మలకు పూసే లక్కను ఇచ్చే పురుగు జీవితచక్రాన్ని కూడా ఆయన సామర్లకోటలోనే గమనించారు. ఆ వ్యాసం 1791లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. అంటే మన ఊరి బొమ్మలోని కర్రా, లక్కా రెండూ ఆయన చేతిమీదుగా శాస్త్రంలోకి వెళ్ళినవే.

ఈ అంకుడును పోలినది కొడిసె. రెండూ తుంచితే పాలు కారుస్తవి. రెండింటికీ తెల్లని పూలు, పొడుగాటి జంటకాయలు. పువ్వులో కేసరాలు కూడా రెండింటికీ అయిదే. పేరులోనూ జనం ఒకదానికొకటి మారుస్తుంటారు. అయితే విరేచనాలకు, జిగట విరేచనాలకు పాతకాలపు వైద్యులు వాడింది కొడిసె పట్ట. దాని బదులు అంకుడు పట్ట కలిస్తే మందు పనిచెయ్యదు, రోగి నష్టపోతాడు. యునానీ హకీములు ఈ తేడా ఎరిగే కొడిసె గింజను ఇంద్రజౌ తల్ఖ్ అనీ, అంకుడు గింజను ఇంద్రజౌ షీరీన్ అనీ పిలిచారు. ఒకటి చేదుది, రెండవది తియ్యనిది.

కంటితో తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. అంకుడు జంటకాయలు చివరన ఒకదానికొకటి అంటుకొని ఉంటాయి. కొడిసె కాయలు విడివిడిగా వేలాడుతవి. అంకుడు పువ్వు గొంతులో పొలుసుల వంటి రేకలుంటవి, నడుమ కేసరాలు శంఖువులా పైకి పొడుచుకొని వస్తాయి. కొడిసె పువ్వులో ఆ పొలుసులు లేవు, కేసరాలు గొట్టం లోపలే దాగుంటాయి. ఇంత చిన్న తేడామీద ఒక మనిషి ఆరోగ్యం ఆధారపడి ఉంటుంది. మొక్కను గుర్తించే శాస్త్రం ఎందుకని అడిగేవారికి ఇదే జవాబు.

సోమిద మాను – తెలుగు పేరు

మన అడవుల్లో సోమిద అనే ఎర్రచేవ మాను ఉంది. దాని చేదుపట్టను ఇక్కడివారు జ్వరాలకు వాడేవారు. అప్పట్లో మలేరియా జ్వరానికి దక్షిణ అమెరికానుంచి సింకోనా పట్ట తెప్పించాలి, ఖరీదెక్కువ. సోమిద పట్ట దానికి బదులుగా పనికివస్తుందేమోనని రాక్స్‌బరో పరీక్షలు చేసి, నమూనాలు ఇతర వైద్యులకు కూడా పంపారు. సింకోనా స్థానాన్ని అది తీసుకోలేకపోయింది. కాని తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టు జాతికి పెట్టిన ‘సోయ్మిడా’ అన్న పేరు మన తెలుగు మాటే. ఈనాడు ఏ దేశంలో ఆ చెట్టును గురించి చదివినా తెలుగు పేరే పలకాలి. మన్యంలో ఏగిస అని పిలిచే చెట్టును కూడా శాస్త్రరీత్యా మొదట వర్ణించి పేరు పెట్టింది రాక్స్‌బరోయే.

బందరు అద్దకాలకు ఎర్రరంగునిచ్చిన చిరివేరు మొక్కను, దానితో బట్టకు రంగు వేసే విధానాన్ని ఆయన వివరంగా రాశారు. ముష్టి చెట్టు, బురదనీటిని తేర్చే చిల్లగింజ చెట్టు కూడా ఆయన పుస్తకంలో బొమ్మలతో ఉన్నవి.

పుస్తకాలు – కలకత్తా

ఎండిన మొక్కకు రంగు పోతుంది, పువ్వు నలుగుతుంది. కనుక ఆయన మనదేశపు చిత్రకారులను పనిలో పెట్టుకొని, పచ్చిమొక్కను ముందుంచి ఉన్నదున్నట్లు బొమ్మలు వేయించారు. 1794 నాటికి అయిదువందల బొమ్మలు, వర్ణనలు లండనుకు చేరినవి. వాటిలో మూడువందలను సర్ జోసెఫ్ బ్యాంక్స్ ఎంపికచేసి, ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అన్న పేరుతో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువరించారు.

1793లో కలకత్తా వద్ద శివపూర్‌లోని కంపెనీ తోటకు ఆయన అధిపతి అయ్యారు. అక్కడ ఇరవై ఏళ్ళు పనిచేశారు. జనుము మొదలైన నారమొక్కల పైన, టేకు పెంపకం పైన ప్రయోగాలు సాగించారు. ఆ తోటలోని సుమారు 3,500 మొక్కల పట్టికను 1814లో ఆయన స్నేహితుడు విలియం కేరీ శ్రీరాంపూర్‌లో అచ్చువేశారు. ఆరోగ్యం చెడి 1813లో ఆయన మనదేశం విడిచి సెయింట్ హెలీనా దీవిలో కొన్నాళ్ళున్నారు. విశ్రాంతికి వెళ్ళినా ఊరుకోక ఆ దీవి మొక్కల జాబితా కూడా తయారుచేశారు. 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. ఆయన జీవితకాలపు శ్రమ అయిన ‘ఫ్లోరా ఇండికా’ ఆయన చూసుకోకుండానే అచ్చయింది. కొంత భాగం 1820లో మొదలై వెలువడగా, మూడు సంపుటాల పూర్తి ప్రతి 1832లో వచ్చింది. అందులో శాస్త్రీయ నామంతోపాటు సంస్కృత, బెంగాలీ, హిందూస్తానీ పేర్లూ, మన తెలుగు పేర్లూ ఇచ్చారు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయనకు పేరు వచ్చింది.

పేరు లేనివారు

ఆయన కంపెనీ నౌకరి. ఏ మొక్కవల్ల కంపెనీకి లాభం వస్తుందన్న లెక్క కూడా ఆయన పనిలో భాగమే. ఆ నిజం దాచనక్కరలేదు. మరొక నిజం కూడా చెప్పుకోవాలి. ఆ బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లు ఆ పుస్తకంలో లేవు. అడవిలో దారి చూపినవాడెవరు, ఇది సోమిద, ఇది ఏగిస, ఇది చిల్ల అని చెప్పిన ముసలమ్మ ఎవరు, పట్ట గుణం వివరించిన వైద్యుడెవరు, ఎవరికీ తెలియదు. వారి విద్య మిగిలింది, వారి పేర్లు పోయినవి. కారణం ఒక్కటే. వారికి తెలుసుగాని వారు రాయలేదు. ఆయన అడిగి రాసుకొన్నారు.

ఇప్పుడు ఇంకో ప్రమాదం వచ్చింది. ఆనాడు పేర్లు పోయినా విద్య నిలిచింది. ఈనాడు విద్యే పోతున్నది. మన పిల్లలు డిగ్రీలో బాటనీ చదివి లాటిన్ పేరు పరీక్షలో రాస్తున్నారు, గట్టుమీది చెట్టును చూపిస్తే పేరు చెప్పలేకపోతున్నారు. చెప్పగల నానీ, దాదీలు ఒక్కొక్కరే దాటిపోతున్నారు.

అందుచేత మన విద్యార్థినీ విద్యార్థులకు ఒక విన్నపం. వేసవి సెలవుల్లో నోటుపుస్తకం ఒకటి పెట్టుకోండి. రోజుకొక మొక్క. ఆకు ఎదురెదురుగా ఉందా, ఒకటి విడిచి ఒకటి ఉందా, పువ్వుకు రేకులెన్ని, కేసరాలెన్ని, కాయ ఎలా పగులుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళు దాన్ని తెలుగులో ఏమంటారు, ఉర్దూలో ఏమంటారు, దేనికి వాడేవారు. ఇవి రాయండి. చెప్పినవారి పేరు, తేదీ తప్పక రాయండి. పాత వార్తాకాగితాల మధ్య కొమ్మను ఆరబెట్టి పక్కన పెట్టండి. మందుగా వాడే విషయం మాత్రం డాక్టరునో, హకీమునో అడగనిదే తలపెట్టవద్దు. తుఫానులో సర్వం పోయినా మళ్ళీ మొదలుపెట్టిన మనిషి చరిత్ర మనం చదివాం. మనకు ఇంకా ఏదీ పూర్తిగా పోలేదు.

అల్లాహ్ మన పిల్లలకు ఉపయోగపడే విద్యను, దాన్ని పదిమందికి పంచే మనసును ప్రసాదించుగాక. ఆమీన్.