అల్గారిథమ్ అను పేరుగల పండితుడు

నేటి డిగ్రీ తరగతులలో చరిత్ర చదివే విద్యార్థికైనా, ఉర్దూ సాహిత్యం చదివే విద్యార్థినికైనా కంప్యూటరు ప్రాథమిక పరిజ్ఞానమనే పాఠ్యాంశం చాలా కళాశాలలలో తప్పనిసరి అయినది. ఆ పాఠ్యగ్రంథాల తొలి పుటలలోనే అల్గారిథమ్ అనే మాట ఎదురవుతుంది. ఒక సమస్యను సందేహానికి తావులేని కొన్ని మెట్లుగా విభజించి, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ సమాధానాన్ని చేరే విధానమని దానికి అర్థం చెబుతారు. మన విద్యార్థులు ఆ నిర్వచనాన్ని కంఠస్థం చేసి, ప్రక్కన ఒక ఫ్లోచార్టు గీసి, రావలసిన మార్కులు రాబట్టుకొని ముందుకు సాగిపోతారు. ఆ మాట యంత్రాలతో పుట్టినది కాదనీ, సుమారు పన్నెండు వందల సంవత్సరాల క్రితం బాగ్దాదు నగరంలో జీవించిన ఒక పండితుని పేరే నోట నోట నలిగి ఆ రూపం దాల్చినదనీ ఎరిగినవారు కొద్దిమంది మాత్రమే. ఆ పండితుడే అబూ అబ్దుల్లా ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఆయన సుమారు 780 ప్రాంతంలో జన్మించాడని చరిత్రకారులు భావిస్తారు. ఖ్వారిజ్మ్ అన్నది అరల్ సముద్రానికి దక్షిణాన, ఆమూ దర్యా నది పారే ప్రాంతం. నేడది ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాల మధ్య విభక్తమై ఉన్నది. మన తెలుగువారి ఇంటిపేర్లలో పూర్వీకుల గ్రామం నిలిచినట్లే, ఉర్దూ కవుల పేర్ల చివర హైదరాబాదీ, ఔరంగాబాదీ అని ఊరు నిలిచినట్లే, ఆయన పేరులో ఆ దేశం నిలిచిపోయినది. అయితే ఇంటిపేరులోని ఊరిలోనే మనిషి పుట్టి ఉండవలెనను నియమం లేదు గదా! తబరీ అనే చరిత్రకారుడు ఆయన పేరుకు బాగ్దాదు సమీపంలోని ఒక ఊరి పేరును కూడా జోడించాడు. అందుచేత పెద్దలు ఖ్వారిజ్మ్ నుండి వలస వచ్చిన తరువాత ఆయన ఆ పరిసరాలలోనే పుట్టి ఉండవచ్చునని కొందరి అభిప్రాయం. పదవ శతాబ్దంలో గ్రంథసూచి కూర్చిన ఇబ్న్ అల్ నదీమ్ సైతం ఆయనను గురించి కొన్ని పంక్తులే వ్రాశాడు. తల్లిదండ్రులను గూర్చి గాని, భార్యాబిడ్డలను గూర్చి గాని మనకేమీ లభించదు. ఆయన జీవితమంతా ఆయన గ్రంథాలలోనే వెదకుకొనవలెను.

ఆ గ్రంథాలను అర్థం చేసుకొనడానికి ముందు బాగ్దాదును తలచుకొనక తప్పదు. అబ్బాసీ ఖలీఫా అల్ మన్సూర్ 762లో టైగ్రిస్ నదీతీరాన ఆ రాజధానికి పునాది వేయించాడు. ఆయన కాలంలోనే, 770 తరువాతి సంవత్సరాలలో, సింధు దేశం నుండి వచ్చిన ఒక రాయబార బృందంతో పాటు భారతీయ జ్యోతిశ్శాస్త్ర సిద్ధాంత గ్రంథమొకటి ఆ దర్బారుకు చేరినది. అది బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతానికి చెందినదై ఉండునని పండితులు ఊహిస్తారు. అరబ్బులు దానిని సింధ్‌హింద్ అని పిలిచారు. సిద్ధాంతమనే మన మాట ఆ పిలుపులో వినిపిస్తూనే ఉన్నది. 813 నుండి 833 వరకు పాలించిన ఖలీఫా అల్ మామూన్ విద్యాప్రియుడు. బైతుల్ హిక్మా అనగా విజ్ఞాన మందిరమనే సంస్థలో గ్రీకు, సంస్కృత, పారశీక గ్రంథాలను సేకరింపజేసి, అనువాదాలకు ప్రోత్సాహమిచ్చాడు. ఖ్వారిజ్మీ ఆ మందిరంతో సంబంధమున్న పండితుడు. తన బీజగణిత గ్రంథం ఆ ఖలీఫా ప్రోత్సాహంతోనే వ్రాసినట్లు ఆయనే పీఠికలో తెలిపాడు.

సుమారు 820 ప్రాంతంలో రచితమైన ఆ గ్రంథం పేరులో అల్ జబ్ర్, అల్ ముఖాబలా అనే రెండు మాటలు ఉన్నవి. ఉర్దూ తెలిసిన మన విద్యార్థులకు ఈ రెండూ చిరపరిచితాలే. జబర్‌దస్తీలోని జబర్ బలాన్ని సూచిస్తుంది. గణితంలో మాత్రం జబ్ర్ అనగా తీసివేతలో ఉన్న పదాన్ని రెండవ ప్రక్కకు చేర్చి లోటు పూరించుట. విరిగిన ఎముకను యథాస్థానంలో కూర్చుటకు కూడా అరబ్బీలో ఇదే మాట. స్పెయిన్ దేశంలో పూర్వం ఎముకలు కట్టువానిని ఆల్జెబ్రిస్తా అని పిలిచేవారు. మన పుత్తూరు కట్టువారు ఆ దేశంలో పుట్టి ఉంటే బీజగణితవేత్తలనిపించుకొనేవారన్నమాట! ముఖాబలా అనగా రెండింటిని ఎదురెదురుగా నిలుపుట. రెండు ప్రక్కలా ఒకే జాతి పదాలున్నప్పుడు సమానమైనంత మేర రెండు వైపులా తగ్గించుటను ఆయన ఆ పేరుతో పిలిచాడు. ఈ గ్రంథం లాటిన్‌లోకి వెళ్లినప్పుడు అల్ జబ్ర్ అనే మాట ఆల్జీబ్రాగా మారినది.

గ్రంథంలో నేడు మనమెరిగిన ఎక్స్, వై వంటి గుర్తులు లేవు. అంకెలు సైతం మాటలలోనే ఉన్నవి. తెలియని రాశిని షై అనగా వస్తువు అని గాని, మూలం అని గాని వ్యవహరించాడు. ఎక్స్ అక్షరం ఈ షై నుండే పుట్టినదని కొందరు ఉత్సాహంతో చెబుతారు గాని, దానికి తగిన ఆధారం లేదు. అక్షరమాల చివరి అక్షరాలను ఈ పనికి వాడుకలోకి తెచ్చినది 1637లో డెకార్ట్.

ఆయన పద్ధతిని ఒక్క ఉదాహరణతో చూద్దాము. ఒక వర్గానికి దాని మూలానికి పది రెట్లు కలిపితే ముప్పది తొమ్మిది అయినది, మూలమెంత? ఆయన చెప్పే క్రమమిది. మూలాల సంఖ్య 10ని సగం చేయవలెను, 5 వచ్చును. దానిని దానితోనే గుణింపవలెను, 25 వచ్చును. దానిని 39కి చేర్చగా 64. దాని మూలం 8. అందులో నుండి ఇందాకటి సగమైన 5ను తీసివేయగా 3 మిగులును, అదే జవాబు. మూడు మూళ్లు తొమ్మిది, మూడు పదులు ముప్పది, రెండూ కలిసి ముప్పది తొమ్మిది. ఇందులో ఊహించి పట్టుకొనవలసినదేదీ లేదు. చెప్పినది చెప్పినట్లు చేయగలవాడెవడైనా జవాబును చేరగలడు. ఆయన అంతటితో ఊరుకొనలేదు. ఒక చతురస్రం గీసి, దాని ప్రక్కన దీర్ఘ చతురస్రాలను అమర్చి, మూలలలోని ఖాళీని పూరించి, ఈ క్రమం ఎందుకు సత్యమో కంటికి కనబడేటట్లు నిరూపించాడు. మొదటి వర్గపు, రెండవ వర్గపు సమీకరణాలన్నిటినీ ఆరు రకాలుగా విభజించి, ప్రతి రకానికీ క్రమం చెప్పాడు. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఏ ఒక్క లెక్క చేయుటలోనూ లేదు, ఏ లెక్క వచ్చినా అది ఈ ఆరింటిలో ఏదో ఒకటి కాక తప్పదని చూపుటలో ఉన్నది.

ఈ గ్రంథం పండితుల కోసం మాత్రమే వ్రాసినది కాదు. వారసత్వ విభజన, వ్యాజ్యాలు, వర్తకం, భూమి కొలత, కాలువల త్రవ్వకం మొదలైన వ్యవహారాలలో జనానికి నిత్యం అవసరమయ్యే లెక్కలను సులభం చేయుటే తన ఉద్దేశమని ఆయన చెప్పుకొన్నాడు. గ్రంథంలో దాదాపు సగభాగం ఆస్తి పంపకాలకే కేటాయించాడు. అందులో ఒక సమస్య ఇట్లున్నది. ఒకడు ఇద్దరు కొడుకులను విడిచి మరణించాడు. ఆస్తిలో మూడవ వంతు ఒక పరాయివానికి ఇవ్వవలెనని వీలునామా చేశాడు. చేతిలో ఉన్నది పది దిర్హములు, కొడుకులలో ఒకని వద్ద రావలసిన బాకీ మరి పది. పంపకం ఎట్లు? బాకీ ఉన్న కొడుకు తన వాటా క్రింద చెల్లువేసుకొనే మొత్తాన్ని ఆయన వస్తువు అన్నాడు. నగదు పది, ఆ వస్తువు కలిసి ఆస్తి. అందులో మూడవ వంతు పరాయివానికి, మిగిలినది ఇద్దరు కొడుకులకు సమానం. అంటే ముగ్గురికీ తలా మూడవ వంతు. ఆ మూడవ వంతే వస్తువు. లెక్కవేయగా వస్తువు అయిదు దిర్హములు. పరాయివానికి అయిదు, రెండవ కొడుకుకు అయిదు నగదుగా దక్కును. బాకీదారు తన అయిదును బాకీలో మినహాయించుకొనును. మిగిలిన బాకీ నాటి న్యాయం ప్రకారం తండ్రి ఇచ్చిన కానుక వంటిదగును. ఎంతమంది అన్నదమ్ములు ఇటువంటి పంపకాల దగ్గర మాటలు మానుకొన్నారో మనకు తెలియనిది కాదు. తగవు తీర్చుటకు వచ్చిన పెద్ద మనిషి తీర్పు కాక, ఎవరు వేసినా అదే ఫలితమిచ్చే లెక్క ఆ కుటుంబానికి దొరికినది.

ఆయనను బీజగణిత పితామహుడని వ్యవహరించుట పరిపాటి. ఈ బిరుదును కొంత జాగ్రత్తతో వాడవలెనని నా మనవి. ప్రాచీన బాబిలోనియా లేఖకులు వర్గ సమీకరణాలను సాధించారు. గ్రీకు దేశీయుడు డయోఫాంటస్ ఉన్నాడు. బ్రహ్మగుప్తుడు రుణసంఖ్యలకు నియమాలు చెప్పాడు, ఖ్వారిజ్మీ రుణమూలాలను అసలు స్వీకరించలేదు. పై ఉదాహరణలో రెండవ జవాబైన రుణ పదమూడును ఆయన తలపెట్టనే లేదు. అయినను చెదరి ఉన్న విద్యను ఒక శాస్త్రంగా నిలబెట్టి, దానికొక పేరుపెట్టి, నేర్వదలచిన వానికి పాఠ్యగ్రంథంగా అందించిన ఘనత ఆయనదే.

అల్గారిథమ్ అనే మాటకు కారణమైనది మాత్రం వేరొక గ్రంథం. హిందువుల లెక్కింపు విధానాన్ని వివరిస్తూ ఆయన వ్రాసిన చిన్న పుస్తకమది. తొమ్మిది అంకెలతోను, ఖాళీ స్థానంలో ఉంచే చిన్న వృత్తంతోను ఎంతటి సంఖ్యనైనా వ్రాయవచ్చునని, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాలు ఏ క్రమంలో చేయవలెనో అందులో బోధించాడు. ఈ విద్య భారతీయులదని దాచక చెప్పాడు. మన శూన్యం అరబ్బీలో సిఫ్ర్ అయినది, ఉర్దూలో సిఫర్‌గా నేటికీ ఉన్నది, ఐరోపా చేరి జీరో అయినది. ఆ రోజులలో ఈ లెక్కలను ధూళి పరచిన పలకపై వ్రాసి, చెరిపి, మరల వ్రాసేవారు. మన వీధి బడులలో ఇసుకలో అక్షరాలు దిద్దిన పెద్దలకు ఆ దృశ్యం వింత కాదు.

ఇవిగాక సింధ్‌హింద్ ననుసరించి గ్రహగతుల పట్టికలు కూర్చాడు. భూగోళ గ్రంథమొకటి రచించి, టోలెమీ లెక్కలను సవరిస్తూ 2402 స్థలాల అక్షాంశ రేఖాంశాలను ఇచ్చాడు. మధ్యధరా సముద్రం పొడవును టోలెమీ అధికంగా చెప్పగా ఈయన తగ్గించి వాస్తవానికి చేరువ చేశాడు. యూదుల పంచాంగంపై కూడా ఆయన వ్రాసిన చిన్న గ్రంథం ఉన్నది.

చివరి రోజులను గూర్చి తబరీ ఒక కథ చెబుతాడు. 847లో ఖలీఫా అల్ వాసిఖ్ జబ్బుపడగా జ్యోతిష్కులను రప్పించారు. వారిలో ఖ్వారిజ్మీ కూడా ఉన్నాడట. వారందరూ జాతకం చూసి ప్రభువు మరి యాభై ఏండ్లు జీవించునని చెప్పారట. పది రోజులకే ఖలీఫా కన్నుమూశాడు. లెక్కలో తప్పులేకున్నను లెక్కకు ఆధారమైన నమ్మకం తప్పయితే ఫలితమేమగునో ఈ కథలో ఉన్నది. ఖ్వారిజ్మీ సుమారు 850 ప్రాంతంలో మరణించాడని అంచనా.

మూడు వందల ఏండ్ల తరువాత ఆయనకు రెండవ జీవితం లభించినది. 1126లో ఇంగ్లండుకు చెందిన అడెలార్డ్ ఆయన ఖగోళ పట్టికలను లాటిన్ చేశాడు. 1145లో స్పెయిన్‌లోని సెగోవియా నగరంలో రాబర్ట్ అనే పండితుడు బీజగణితాన్ని అనువదించాడు. హిందూ లెక్కింపు పుస్తకపు లాటిన్ ప్రతి అల్గొరిజ్మీ ఇట్లు చెప్పెనని ఆరంభమవుతుంది. చదివినవారికి అది మనిషి పేరో, విద్య పేరో తోచక, కొత్త అంకెలతో లెక్కవేయుటనే అల్గొరిజమ్ అన్నారు. పూసల పలకను నమ్ముకొన్న పాత లెక్కగాండ్రకు ఈ కొత్తవారికి చాలాకాలం పొసగలేదు. 1202లో ఫిబొనాచ్చీ ఈ అంకెలను ఇటలీ వర్తకులకు వివరించాడు. అయినను 1299లో ఫ్లారెన్సు నగర ద్రవ్య వర్తకుల సంఘం ఖాతా పుస్తకాలలో వాటిని నిషేధించినది. పోను పోను గ్రీకు భాషలో సంఖ్య అనే అర్థమిచ్చే అరిత్మోస్ ప్రభావంతో ఆ మాట అల్గారిథమ్ అయినది. 1936లో అలన్ ట్యూరింగ్ ఊహాయంత్రం ద్వారా ఆ భావానికి కచ్చితమైన గణిత రూపం లభించిన పిదప అది కంప్యూటరు శాస్త్రానికి మూలపదమైనది.

ఆ మాట నేడు పరీక్షా ఫలితాలను కూడా తాకుతున్నది. 2020లో మహమ్మారి కారణంగా ఇంగ్లండులో ఉన్నత పాఠశాల తుది పరీక్షలు జరగలేదు. ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడులను అధికారులు ఒక అల్గారిథమ్‌తో సవరించారు. పాఠశాల గత ఫలితాలు కూడా అందులో చేరుటచే దాదాపు 40 శాతం గ్రేడులు తగ్గిపోయినవి. విద్యార్థులు వీధులకెక్కారు. కొద్ది రోజులకే, ఆగస్టు 17న, ప్రభుత్వం వెనుకకు తగ్గినది. ఖ్వారిజ్మీ తన పాఠకుని ముందు ఒక్కొక్క మెట్టునూ పరచి, ప్రక్కనే చతురస్రం గీసి చూపాడు. ఆ విద్యార్థులకు తమ గ్రేడు ఏ మెట్టు మీద పడిపోయినదో ముందుగా చూపినవారు లేరు.

1979లో ఖ్వారిజ్మ్ ప్రాంతంలోని ఉర్గెంచ్ పట్టణంలో ప్రపంచ కంప్యూటరు శాస్త్రజ్ఞులు సమావేశమై అల్గారిథమ్‌లను గురించి చర్చించారు. అమెరికా నుండి డొనాల్డ్ క్నూత్, సోవియట్ దేశానికి చెందిన ఆంద్రేయ్ యెర్షోవ్ అందులో ఉన్నారు. 1983లో ఆయన పన్నెండు వందల జయంతి పేర సోవియట్ ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసినది. బీజగణిత గ్రంథపు అరబ్బీ మూలం 1342లో వ్రాసిన ప్రతిగా ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నది. దానిని 1831లో ఫ్రెడరిక్ రోజెన్ ఆంగ్లానువాదంతో లండన్‌లో ప్రకటించాడు. హిందూ అంకెల పుస్తకపు అరబ్బీ మూలం మాత్రం లభించలేదు. చాలాకాలం వరకు కేంబ్రిడ్జిలోని అసంపూర్ణమైన లాటిన్ ప్రతి ఒక్కటే ఆధారంగా ఉండేది. తరువాత న్యూయార్కులో అంతకన్న సమగ్రమైన మరియొక లాటిన్ ప్రతి బయటపడగా, 1997లో జర్మన్ పండితుడు ఫోల్కెర్ట్స్ దానిని పరిష్కరించి ప్రకటించాడు.