దంతవైద్యానికి బడి కట్టిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్

దేశానికి సేవ చేసిన మన పెద్దల పేర్లు చెప్పమంటే మౌలానా ఆజాద్ గారి పేరూ, డాక్టర్ జాకిర్ హుసేన్ గారి పేరూ మన పిల్లలు కూడా ఠక్కున చెబుతారు. డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ గారి పేరు మాత్రం దంతవైద్యం చదివినవాళ్ళకు తెలిసినంతగా మన ఇళ్ళలో తెలియదు. భారతదేశంలో దంతవైద్య విద్యకు పునాది వేసిన మహనీయుడు ఆయన. ఆయన పుట్టిన డిసెంబరు 24వ తేదీని మన దేశపు దంతవైద్యులు తమ దినోత్సవంగా జరుపుకుంటారు. అటువంటి వ్యక్తి జీవితాన్ని మన సభ్యులూ, వారి కుటుంబాలూ తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

అహ్మద్ గారు 1890లో తూర్పు బెంగాల్‌లోని బర్ధన్‌పారా అనే ఊళ్ళో జన్మించారు. అలీగఢ్‌లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు స్థాపించిన మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీలో చదివి 1908లో పట్టభద్రులయ్యారు. ఆ రోజుల్లో అలా చదువుకున్న యువకుడికి సర్కారు కొలువో, వకీలు వృత్తో దొరికేది. ఆయన ఆ దారి పట్టలేదు. సముద్రాలు దాటి అమెరికా వెళ్ళి, అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్యం చదివి 1915లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు.

అప్పట్లో మన దేశంలో పన్ను నొప్పి వస్తే జనం ఏం చేసేవారు? లవంగం నమిలేవారు, ఉప్పునీళ్ళు పుక్కిలించేవారు. అప్పటికీ తగ్గకపోతే బజారులో పళ్ళు పీకేవాడి ముందు కూర్చునేవారు. నొప్పి పుట్టిన పన్నును పీకించుకోవడమే వైద్యం. పన్ను పుచ్చిపోకుండా ముందే కాపాడుకోవచ్చునన్న మాట చెప్పేవాళ్ళు అరుదు. కలిగినవాళ్ళు పెద్ద నగరాల్లో విదేశాల్లో చదివొచ్చిన డాక్టర్ల దగ్గరికి పోయేవారు. పేదవాడికి ఆ గడప తొక్కే స్థోమత ఎక్కడిది?

చదువు పూర్తయ్యాక అహ్మద్ గారు బోస్టన్ నగరంలోని ఫోర్సైత్ దంత వైద్యశాలలో 1918 దాకా పనిచేశారు. అది పేద పిల్లల కోసం నెలకొల్పిన సంస్థ. పిల్లల పళ్ళు చిన్నతనంలోనే పరీక్షించి, శుభ్రం చేసి, పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే పూడ్చి, పన్ను ఎలా తోముకోవాలో నేర్పి పంపడం అక్కడి పని. డబ్బున్నవాడికి దొరికే వైద్యం డబ్బులేనివాడి బిడ్డకు కూడా దొరకాలనే ఉద్దేశంతో నడిచిన ఆ సంస్థలో ఆయన పని నేర్చారు.

1919లో ఆయన స్వదేశం తిరిగి వచ్చారు. అమెరికా పట్టా చేతిలో ఉన్నవాడికి కలకత్తాలో ప్రాక్టీసు పెట్టుకుంటే బతుకు హాయిగా గడిచిపోయేది. కానీ ఒక్క డాక్టరు రోజుకు ఎంతమందిని చూడగలడు? పదిమందిని తయారుచేస్తే ఆ పదిమంది పది ఊళ్ళకు పోతారు. కాబట్టి కాలేజీ పెట్టాలని సంకల్పించి 1920లో కలకత్తాలో భారతదేశపు మొదటి దంతవైద్య కళాశాలను ప్రారంభించారు.

సంకల్పం ఉంటే సరిపోదు గదా, డబ్బు కావాలి. అందుకని ఆయన కలకత్తాలో న్యూయార్క్ సోడా ఫౌంటెన్ పేరుతో ఒక దుకాణం పెట్టి, ఆ రాబడితో కాలేజీ నడిపారు. పళ్ళకు తీపి చేసే చేటు బాగా తెలిసిన డాక్టరే చల్లని తీపి పానీయాలు అమ్మి పళ్ళ వైద్యానికి బడి కట్టడం చిత్రంగా ఉంటుంది. అయితే ఆయన ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు, కష్టపడి సంపాదించిన సొమ్మును చదువుకు మళ్ళించారు. విరాళాల కోసం ఎదురుచూస్తూ మంచి పనులు వాయిదా వేసుకునే మనవంటి సంఘాలు గమనించవలసిన విషయమిది.

ఆయన 1925లో దంతవైద్యానికి ఒక పత్రికను ప్రారంభించి ఏళ్ళ తరబడి సంపాదకత్వం వహించారు. 1928లో విద్యార్థులకు పాఠ్యగ్రంథం రాశారు. కోర్సు కాలం కూడా క్రమంగా పెరిగి నాలుగేళ్ళయింది. 1923లో బొంబాయిలో దంత వైద్యశాల తెరిచిన ఫాతిమా జిన్నా ఆయన కాలేజీలోనే చదివారు. ఆడపిల్లకు పై చదువు ఎందుకని అడిగే కాలమది. ఇప్పటికీ ఆ మాట అనేవాళ్ళు మనలో లేకపోలేదు. వాళ్ళు ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

కాలేజీ ఒక్కటే చాలదని కూడా ఆయన గ్రహించారు. ఎవడు పడితే వాడు బోర్డు కట్టి పళ్ళు పీకుతుంటే నష్టపోయేది పేదవాడే. దీనికి చట్టం కావాలని పట్టుబట్టినవారిలో ఆయన ముఖ్యులు. 1939లో బెంగాల్‌లో దంతవైద్యుల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది. దాని స్థానంలో కొత్త చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది గానీ, అన్నేళ్ళ పాటు దేశంలో దంతవైద్య వృత్తికి కట్టుబాటు నేర్పింది ఆ 1948 చట్టమే.

1947లో దేశం రెండైనప్పుడు ఆయన పుట్టిన ఊరు సరిహద్దుకు అవతల పడింది. ఆయన మాత్రం కలకత్తాలోనే ఉండిపోయారు. 1949లో, మూడు దశాబ్దాలు చెమటోడ్చి పెంచిన కాలేజీనీ ఆసుపత్రినీ పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి దానంగా ఇచ్చేశారు. సొంత ఆస్తిగా పిల్లలకు రాసిచ్చుకోదగినదాన్ని ప్రజల పరం చేశారు. 1950 నుంచి 1962 వరకు రాష్ట్ర మంత్రివర్గంలో వ్యవసాయం, సహకారం, పునరావాసం వంటి శాఖలు చూశారు. 1964లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1965లో ఆయన కన్నుమూశారు. ఆ కాలేజీ నేటికీ ఆయన పేరుతోనే నడుస్తున్నది. ఆయన వెలిగించిన దీపం నుంచి దేశమంతా దీపాలు వెలిగాయి. మన హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఏర్పడింది.

ఆయన జీవితం చదివి ఆహా అనుకుని పుస్తకం మూసేస్తే ప్రయోజనం లేదు. మనం తిన్న తీపి పళ్ళ మధ్య చిక్కుకుంటే నోట్లోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పన్ను పై పొరను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. పుచ్చు పై పొరలో ఉన్నంతకాలం నొప్పి ఉండదు. నొప్పి తెలిసేసరికి పుచ్చు చాలా లోతుకు దిగి ఉంటుంది, ఖర్చు కూడా అంతే పెరుగుతుంది. నొప్పి లేదు గదా అని ఊరుకోవడమే మనం చేసే పెద్ద పొరపాటు. చిగుళ్ళ నుంచి రక్తం కారితే జబ్బు మొదలైందని గుర్తు. మధుమేహం ఉన్నవాళ్ళకు ఈ బాధ మరీ ఎక్కువ.

నోటి శుభ్రత మనకు కొత్త కాదు. మిస్వాక్ అలవాటు తరతరాలుగా మనకు వస్తున్నదే. దానికి తోడు పొద్దున, రాత్రి పడుకోబోయే ముందు ఫ్లోరైడు పేస్టుతో తోముకోవాలి. పిల్లలకు పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకూడదు. గుట్కా, జర్దా, పొగాకు పాన్ మానాలి. అవి పళ్ళతో ఆగవు, నోటి క్యాన్సర్ దాకా తీసుకుపోతాయి. నోట్లో మానని పుండు గానీ తెల్లమచ్చ గానీ కనబడితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి.

మన సంఘం ఏటా పిల్లలకు పుస్తకాలు ఇస్తుంది, ఫీజులు కడుతుంది. వాటితోపాటు ఏడాదికొకసారి మన బస్తీ పిల్లలందరికీ పళ్ళ పరీక్ష జరిపించగలిగితే, బోస్టన్‌లో అహ్మద్ గారు నేర్చిన పని మన వీధిలో కూడా జరిగినట్టే. ఒక్క మనిషి సోడా అమ్మి కాలేజీ కట్టగలిగినప్పుడు, ఇన్ని కుటుంబాలున్న మనం ఆ ఒక్క రోజు ఖర్చు భరించలేమా?