చెరసాలలో రాసుకున్న విశ్వాసం: పెర్పెటువా జీవితం

హతసాక్షుల గురించి మన సంఘాల్లో తరచుగా వింటాం. వారు ఎలా చనిపోయారో బోధకులు వివరంగా చెబుతారు. చనిపోవడానికి ముందు రోజుల్లో వారి మనసులో ఏముందో మాత్రం మనకు అంతగా తెలియదు. చాలామంది విషయంలో అది రాసి పెట్టినవారు లేరు. ఆఫ్రికా ఉత్తర తీరంలోని కార్తేజ్ పట్టణంలో క్రీ.శ. 203 మార్చి 7న ప్రాణం అర్పించిన పెర్పెటువా సంగతి వేరు. చెరసాలలో ఉన్నప్పుడు ఆమె తన భయాన్ని, ఆశను, బాధను తానే రాసుకుంది. క్రైస్తవ స్త్రీలు రాసినవాటిలో మన వరకు వచ్చిన అతి పాత రచనల్లో అది ఒకటి.

కార్తేజ్ నేటి ట్యునీషియాలో ట్యూనిస్ నగరం పక్కన ఉంది. ఆ కాలంలో అది రోమా సామ్రాజ్యంలోని పెద్ద పట్టణాల్లో ఒకటి. అక్కడి సంఘం అప్పటికే బలపడింది. లాటిన్ భాషలో క్రైస్తవ రచనలు చేసిన తెర్తుల్లియన్ ఆ రోజుల్లో అక్కడివాడే. చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ కూడా ఆఫ్రికా గడ్డ మీద పుట్టినవాడే.

పెర్పెటువా పరువుగల కుటుంబంలో పుట్టి, మంచి చదువు చదువుకుంది. వయసు సుమారు 22 ఏళ్లు. పెళ్లయింది, పాలు తాగే మగబిడ్డ ఉన్నాడు. బాప్తిస్మానికి సిద్ధపడుతున్న సమయంలో ఆమెను మరికొందరితో కలిపి పట్టుకున్నారు. వారిలో ఫెలిసిటాస్, రెవొకాటస్ అనే ఇద్దరు బానిసలు. సాటర్నినస్, సెకుండులస్ అనే మరో ఇద్దరు కూడా ఉన్నారు. వారికి విశ్వాసం నేర్పిన సాటురస్ ఆ సమయానికి అక్కడ లేడు. తరువాత వచ్చి, తనంతట తానే అధికారులకు లొంగిపోయాడు.

ఆమె రాసినదాంట్లో ఎక్కువగా కనిపించేది రోమా అధికారులు కాదు, ఆమె తండ్రి. ఆయన క్రైస్తవుడు కాదు. కూతురిని ప్రాణంలా ప్రేమించినవాడు. మొదటిసారి వచ్చి విశ్వాసం వదిలెయ్యమని బతిమాలినప్పుడు, ఆమె అక్కడున్న ఒక కూజాను చూపించింది. దానికి మరో పేరు పెట్టలేనట్లే, క్రైస్తవురాలినైన తనను కూడా మరో పేరుతో చెప్పుకోలేనని చెప్పింది. ఆయన కోపంతో మీదికి దూకాడు. తరువాత కొన్ని రోజులు ఆయన రాకపోతే ఆమెకు ఊరట కలిగింది. ఆ ఊరటను కూడా దాచుకోకుండా రాసింది. ఆ రోజుల్లోనే బాప్తిస్మం పొందింది.

తరువాత చెరసాల. అంతటి చీకటి ఆమె ఎన్నడూ చూడలేదు. ఉక్కపోత, జనం తొక్కిడి, డబ్బు గుంజే సైనికులు. అన్నిటికంటే బిడ్డ మీద దిగులు. తెర్తియస్, పొంపోనియస్ అనే ఇద్దరు పరిచారకులు కాపలావాళ్లకు డబ్బిచ్చి, ఖైదీలను కొన్ని గంటలు కాస్త మంచిచోట ఉండనిచ్చేలా చేశారు. అక్కడ ఆకలితో నీరసించిన బిడ్డకు ఆమె పాలిచ్చింది. చివరికి బిడ్డ తనతోనే ఉండటానికి అనుమతి దొరికింది. అప్పటినుంచి ఆ చెరసాల తనకు రాజభవనంలా తోచిందని రాసింది.

ఆ రాత్రుల్లో ఆమెకు దర్శనాలు కలిగాయి. ఒకదానిలో ఆకాశాన్ని అంటే కంచు నిచ్చెన కనబడింది. అది ఎంత ఇరుకంటే ఒక్కొక్కరే ఎక్కాలి. రెండు పక్కలా కత్తులు, కొక్కేలు. అడుగున పెద్ద ఘటసర్పం. ముందుగా సాటురస్ ఎక్కాడు. ఆమె ఆ సర్పం తలనే మొదటి మెట్టుగా చేసుకుని ఎక్కింది. పైన తోటలో తెల్లని జుట్టుగల కాపరి గొర్రెల పాలు పితుకుతూ కనిపించి, ఆమెకు తినడానికి ఇచ్చాడు. మెలకువ వచ్చేసరికి నోట్లో ఇంకా తీపి ఉంది. తాము విడుదల కాబోమని ఆమెకు, ఆమె సోదరునికి అప్పుడే అర్థమైంది.

విచారణకు ముందు తండ్రి మళ్లీ వచ్చాడు. తన నెరిసిన తల చూసైనా జాలిపడమన్నాడు. ఆమె చేతులు ముద్దుపెట్టుకుని కాళ్ల మీద పడ్డాడు. కూతురా అని కాకుండా దొరసానిని పిలిచినట్టు పిలిచాడు. విచారణ రోజున బిడ్డను ఎత్తుకుని వచ్చి నిలబడ్డాడు. అధికారి హిలారియానస్ కూడా తండ్రిని, పసివాణ్ణి చూసి చక్రవర్తుల క్షేమం కోసం బలి అర్పించమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. అడ్డుపడుతున్న తండ్రిని కర్రతో కొట్టించారు. ఆ దెబ్బ తన ఒంటి మీద పడినట్టు బాధపడ్డానని ఆమె రాసింది. అందరికీ మృగాల పాలు చేసే శిక్ష పడింది. ఆ తరువాత తండ్రి బిడ్డను పంపలేదు. అయితే బిడ్డ పాలు అడగలేదు, ఆమెకు పాలు గడ్డకట్టి బాధపెట్టలేదు. దాన్ని ఆమె దేవుని దయగానే తలచింది.

ఫెలిసిటాస్ అప్పుడు ఎనిమిది నెలల గర్భిణి. గర్భిణిని చంపడం చట్టం ఒప్పుకోదు. తనవారితో కాకుండా తరువాత ఎప్పుడో నేరస్థుల మధ్య చనిపోవలసి వస్తుందేమో అన్నదే ఆమె దిగులు. అందరూ కలిసి ప్రార్థించారు. వెంటనే నొప్పులు వచ్చి ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడే ఇలా ఏడిస్తే మృగాల ముందు ఏం చేస్తావని ఒక కాపలావాడు ఎగతాళి చేశాడు. ఈ నొప్పి తనది, ఆ రోజు తనకోసం ఓర్చేవాడు తనలో ఉంటాడని ఆమె బదులిచ్చింది. ఆ పాపను సంఘంలోని ఒక సహోదరి సొంత బిడ్డలా పెంచింది.

మరణానికి ముందురోజు వరకు జరిగినది రాసి, పెర్పెటువా కలం పెట్టేసింది. మిగిలినది మరొక విశ్వాసి రాశాడు. చక్రవర్తి కుమారుడు గేటా పుట్టినరోజు వేడుకల్లో వారిని రంగస్థలానికి తెచ్చారు. అన్యదేవతల సేవకుల బట్టలు వేసుకోమంటే పెర్పెటువా గట్టిగా వాదించింది, అధికారి తగ్గవలసివచ్చింది. ఆ ఇద్దరు స్త్రీల మీదికి పొగరెక్కిన ఆవును వదిలారు. అది కుమ్మి పడేసినప్పుడు పెర్పెటువా చిరిగిన బట్ట సర్దుకుంది. చెదిరిన జుట్టు ముడివేసుకుంది. విరబోసుకున్న జుట్టు దుఃఖానికి గుర్తు, అది తన మహిమ దినం కనుక. తరువాత నేల మీద పడివున్న ఫెలిసిటాస్ దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టి లేపింది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. చివరికి చెయ్యి వణుకుతున్న ఒక యువ ఖడ్గవీరుని కత్తి ఆమె ఎముకకు తగిలింది. అప్పుడు ఆ చేతిని తన గొంతు దగ్గరికి ఆమే నడిపించింది.

ప్రియ సహోదరీ సహోదరులారా, పెర్పెటువాను రాతిగుండె వీరురాలిగా తలచుకుంటే ఆమె రాసినదాన్ని మనం చదవనట్టే. ఆమె తండ్రిని ద్వేషించలేదు. ఆయన ముసలితనాన్ని చూసి కుమిలిపోయింది. బిడ్డను మరచిపోలేదు. ప్రేమించినవాళ్లే అడ్డు నిలిచినప్పుడు కూడా ప్రభువును విడువలేదు, వాళ్లను చిన్నచూపు చూడలేదు. ఇంట్లో ఒంటరిగా విశ్వాసంలోకి వచ్చినవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. తల్లిదండ్రుల కన్నీళ్ల ముందు నిలబడటం వారికి రోజూ ఉన్న పోరాటమే. ఇంటివారి మీద ప్రేమ చంపుకోమని వారికి బోధించకూడదు. ఆ పరిచారకులలా వారి పక్కన నిలబడాలి. ఆ సహోదరిలా వారి బిడ్డలను మన బిడ్డలుగా చూసుకోవాలి.

మరొకటి కూడా ఉంది. పెద్దింటి కోడలు బానిస స్త్రీకి చెయ్యి అందించిన చోటు రోమీయులు అవమానానికి కట్టిన రంగస్థలం. వేల కళ్ల ముందు, చావు అంచున వారు ఒకే కుటుంబమయ్యారు. ఆదివారం ఒకే పాత్రలోనుంచి తాగే మనం, వారం పొడవునా ఒకరింటి గడప ఒకరు తొక్కడానికి ఎందుకు వెనకాడాలి? ఈ ప్రశ్నతో ఈ వారం ప్రభువు ఎదుట నిలబడదాం.