పురిటి గది గడప దాటిన వైద్యురాలు

మా కల్లూరు ప్రాంతంలో బాలింత నలభై రోజులు వెళ్లాక బిడ్డనెత్తుకొని మందిరానికి వస్తుంది. కుటుంబమంతా కృతజ్ఞతార్పణ చెల్లిస్తారు. సేవకులమైన మేము బిడ్డను చేతుల్లోకి తీసుకొని పేరు అడిగి, ప్రార్థించి, తిరిగి ఇచ్చేస్తాము. ఆ నలభై రోజులు తల్లి ఎలా గడిపిందని అడిగిన జ్ఞాపకం చాలా ఏళ్ల వరకు మాకు లేదు.

కొన్నేళ్ల క్రితం సంఘంలోని ఒక చెల్లెలు మూడో వారంలో నిద్ర లేకుండా ఏడుస్తోందని, బిడ్డను దగ్గరకు తీసుకోవడం లేదని ఇంటివారు మమ్మల్ని పిలిచారు. గాలి సోకిందని వారు అన్నారు. మేమూ దానికి తగినట్టే ప్రార్థన చేసి వచ్చేశాము. డాక్టరుకు చూపించండని ఒక్క మాట చెప్పలేదు. తరువాత బంధువులెవరో తీసుకెళ్లి చూపిస్తే మందులతో, తల్లిగారింటి విశ్రాంతితో ఆ బిడ్డ కోలుకుంది. వేదాంత విద్య చదివిన మాకు తెలియనిది ఆ బంధువుకు తెలిసింది. ఆ సిగ్గుతోనే డాక్టర్ అన్నా శారా కుగ్లర్ గారి జీవితాన్ని మళ్లీ చదివాము.

కుగ్లర్ గారు 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆర్డ్‌మోర్ అనే ఊళ్లో లూథరన్ కుటుంబంలో పుట్టారు. ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టా పొందారు. బాలింతలను బలి తీసుకునే సూతికా జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని ఫ్రాన్సులో పాశ్చర్ గుర్తించింది కూడా ఆ ఏడే. అంతకు 32 ఏళ్ల ముందే వియెన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు డాక్టర్లు చేతులు సరిగా కడుక్కుంటే తల్లులు బతుకుతున్నారని రుజువు చేశాడు. తోటి వైద్యులు అతని మాట నమ్మలేదు. చేతులు కడుక్కోవడమనే చిన్న సంగతికి పెద్ద చదువులు అడ్డొచ్చాయి!

చదువు పూర్తయ్యాక కుగ్లర్ గారు నారిస్‌టౌన్‌లో మానసిక రోగుల ఆసుపత్రిలో పనిచేశారు. అక్కడ స్త్రీల విభాగానికి అధికారిణి డాక్టర్ ఆలిస్ బెన్నెట్. మనసు చెదిరిన స్త్రీలను గొలుసులతో, పట్టీలతో కట్టిపడేయడం మాన్పించి, వారికి చేతిపని, ఆదరణ ఇచ్చిన వైద్యురాలు. కుగ్లర్ గారి జీవితం చెప్పేవారు ఈ రెండేళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. మాకు మాత్రం ఇదే ముఖ్యంగా కనబడింది. ఏడుస్తున్న స్త్రీలో దయ్యాన్ని గాక రోగిని చూడడం నేర్చుకొనే ఆమె తెలుగుదేశం వచ్చారు.

1883లో ఆమె గుంటూరు చేరారు. అక్కడ ఫాదర్ హయ్యర్ 1842లో ఆరంభించిన లూథరన్ మిషను ఉంది. విచిత్రమేమంటే ఆమెను పంపిన స్త్రీల సమాజం వైద్యపు పనికి అప్పటికి సిద్ధంగా లేదు. ఉపదేశకురాలిగా పంపారు. ఆమె బాలికలకు పాఠాలు చెబుతూ, పరదా ఇళ్లలోని స్త్రీల దగ్గరకు వెళ్తూ, వెంట తెచ్చుకున్న మందులతో వైద్యం కూడా చేశారు. రెండేళ్లు గడిచాక, 1885లో, వైద్య మిషనరీగా నియామకం వచ్చింది.

ఆ రోజుల పురిటి గది ఎలా ఉండేదో మన నాయనమ్మలు చెప్పగా విన్నవారు ఇంకా ఉన్నారు. గాలి రాని చీకటి మూల, కుంపటి, పాత గుడ్డలు. మైల కనుక ఎవరూ తాకరు. దాహమన్నా గుక్కెడు నీళ్లే. మంత్రసాని కూడా అంటరానితనపు బాధ అనుభవించినదే. మంచి ఆచారాలు లేవని మేము అనము. పుట్టింటి విశ్రాంతి, నూనె స్నానం, వేళకు వేడి అన్నం వంటివి తల్లి మేలు కోరిన పెద్దలు ఏర్పాటు చేసినవే. కాని జ్వరం వచ్చిన బాలింతను మగ డాక్టరు చూడకూడదు, ఆడ డాక్టరు లేదు. ఇక దిక్కెవరు?

కుగ్లర్ గారు ఆ గడప దాటారు. మొదట్లో అగ్రవర్ణాల ఇళ్లలో ఆమె కూడా అంటరానిదే. మందును చేతికి అందుకోకుండా కింద పెట్టించుకున్న ఇళ్లున్నాయి. ఆమె నొచ్చుకొని మానుకోలేదు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ తన వస్త్రాన్ని ముట్టుకొన్నప్పుడు ప్రభువు కోపగించుకోలేదని, ఆమెను కుమారీ అని పిలిచాడని మార్కు సువార్త అయిదో అధ్యాయం చెబుతున్నది కదా. మైల అన్న మాట ఆ ప్రభువు దగ్గర ఆగిపోయింది.

1898లో గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. డాక్టర్ మేరీ బేర్, నర్సు క్యాథరిన్ ఫాస్ ఆమెకు తోడయ్యారు. తెలుగు ఆడపిల్లలకు నర్సు పని నేర్పారు. బైబిలు స్త్రీలు మంచాల పక్కన కూర్చొని రోగులతో మాట్లాడేవారు. పక్కన కూర్చొని మాట్లాడడాన్ని మనం వైద్యంగా లెక్కపెట్టము. చీకటి మూల నుండి వచ్చిన స్త్రీకి అది సగం మందు.

ఏలూరు రాజా గారి కుటుంబానికి కుగ్లర్ గారు వైద్యం చేశారు. ఆయన కృతజ్ఞతతో ఆసుపత్రి ఎదుట రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. ఇది చిన్న సంగతి కాదు. ఆసుపత్రి కూడు తింటే కులం పోతుందని భయపడే కాలమది. తల్లో అత్తో సత్రంలో వండి ఎదుటికి తీసుకొని వస్తే, బాలింతకు పథ్యం తన ఇంటి చేతి వంటగానే అందింది. ఆచారాన్ని హేళన చేయకుండా తల్లి ప్రాణాన్ని కాపాడే దారి దొరికింది. మిషనరీలందరూ ఇంత ఓర్పు చూపలేదని కూడా ఒప్పుకోవాలి.

ప్రభుత్వం 1905లో ఆమెకు కైసరే హింద్ పతకం ఇచ్చింది. ఆరోగ్యం చెడినా గుంటూరును విడువలేదు. 1928లో ఆసుపత్రి చరిత్ర రాశారు. 1930 జూలై 26న, వచ్చిన 47వ ఏట, గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. ఊరివారు ఆసుపత్రిని నేటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు.

లేవీయకాండము పన్నెండో అధ్యాయంలో మగబిడ్డను కన్న తల్లికి నలభై రోజులు, ఆడబిడ్డను కన్న తల్లికి ఎనభై రోజులు అని ధర్మశాస్త్రం నియమించింది. మనం దానిలో మైలను చూశాము గాని ఆ తల్లికి దొరికే విరామాన్ని చూడలేదు. ఇప్పుడు మన రాష్ట్రంలో కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 మందికి పైగా ఆపరేషను కాన్పులే. కోత మానకముందే ఇల్లు చేరే తల్లికి నలభై రోజులూ చాలవు. మనదేశంలో సుమారు అయిదుగురు బాలింతల్లో ఒకరికి మానసిక కుంగుబాటు వస్తుందని పరిశోధకులు లెక్క కట్టారు. ఆశ కార్యకర్త 42 రోజుల్లోగా ఆరుసార్లు ఇంటికి రావాలన్న నియమం ఉంది. భద్రాచలం వైపు అడవి గూడేల్లో వానకాలం ఆమె ఎన్నిసార్లు చేరగలదో ఊహించుకోవచ్చు.

మా సంఘంలో స్త్రీల సమాజం వారు ఇప్పుడు బాలింత ఇంటికి వారానికొకసారి వెళ్తున్నారు. బిడ్డను ముద్దాడే ముందు తల్లిని నిద్ర పడుతోందా, జ్వరముందా, రక్తం ఎక్కువగా పోతోందా, ఎవరైనా మాట్లాడుతున్నారా అని అడుగుతారు. మొన్న ఒక ఇంట్లో కోడలు దాహమంటే అత్తగారు వద్దన్నారట. వెళ్లిన వారిలో పెద్దమ్మ ఒకావిడ ఏమీ వాదించకుండా కాచి చల్లార్చిన నీళ్లు ఆ అత్తగారి చేతికే ఇచ్చి, మీరే తాగించండి వదినా అన్నారట. ఆమె తాగించారు.