ఎడొవార్డో బస్సీని

కుస్తీపట్టు మల్లుడును, బరువులెత్తు వస్తాదును, రేవులో మూటలు మోయు కూలివాడును తమ దేహబలము చేతనే బ్రదుకుదురు. ఇట్టివారికి ఒక్కొక్కప్పుడు ఒక చిక్కు వచ్చిపడును. బరువెత్తుచుండగా గజ్జలో ఏదో జారినట్లు తోచును. చూచుకొనగా అచ్చట నిమ్మకాయంత ఉబ్బు కానవచ్చును. పడుకొన్నచో అది లోనికి పోవును. లేచి దగ్గినచో మరల వెలికి వచ్చును. దీనినే వైద్యులు హెర్నియా అందురు. మన ప్రాచీనులు ఆంత్రవృద్ధి అనిరి. బరువులు మోయుట, తనకంటె బలవంతునితో పెనగులాడుట, చెట్టుపై నుండి పడుట దీనికి కారణములని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. కొంత పుట్టుకతో వచ్చిన బలహీనతయు దీనికి తోడగునని నేటి వైద్యులు చెప్పుదురు. ఆ బలహీనతను బరువు బయటపెట్టును.

కడుపులోని ప్రేగులను ముందువైపున కండరములును, వాని పొరలును గోడవలె కాపాడుచుండును. గజ్జవద్ద ఆ గోడలో ఒక వాలుదారి కలదు. దాని లోపలి ద్వారమును వెలుపలి ద్వారమును ఎదురెదురుగా నుండవు. ఒకటి ఎగువగా ప్రక్కకును, మరియొకటి దిగువగా నడుమకును ఉండును. అందుచే లోపల ఒత్తిడి పెరిగినపుడు ఆ దారి దానంతట అదియే నొక్కుకొని మూతపడును. ప్రకృతి చేసిన ఈ ఏర్పాటు మిక్కిలి చమత్కారమైనది. కాని గోడ పలుచబడినచో ప్రేగు ఆ దారిన త్రోసికొని వచ్చును. అట్లు వచ్చిన ప్రేగు ద్వారమున చిక్కుకొని, దానికి రక్తము అందకుండ పోయినచో ప్రాణమునకే ముప్పు.

నూటయేబది యేండ్ల క్రిందట ఇట్టి ఉబ్బు కనబడిన బలవంతుడు ఏమి చేయవలెను? వానికి మూడు దారులుండెను. ఏమియు చేయక, ప్రేగు చిక్కుకొనదను ఆశతో బరువులెత్తుచుండుట ఒకటి. తోలుతోను ఇనుప స్ప్రింగుతోను చేసిన బెల్టును నడుమునకు బిగించి, ఉబ్బును నొక్కిపెట్టి తిరుగుట రెండవది. బెల్టు గోడను బాగుచేయదు. రంధ్రమునకు అడ్డుగా నిలుచును, అంతే. దానిని జీవితాంతము ధరింపవలెను. కత్తికి ఒప్పుకొనుట మూడవది. కాని ఆనాటి శస్త్రవైద్యులు ఉబ్బు తిత్తిని కట్టి, వెలుపలి ద్వారమును బిగించి ఊరకుండిరి. లోపలి గోడ ఎప్పటివలెనే పలుచగా నుండెను. ఏడాది తిరుగక మునుపే నూటికి ముప్పది నలువది మందికి హెర్నియా మరల వచ్చుచుండెను. గాయము చీముపట్టి చనిపోయినవారును కలరు. కోత కోయించుకొని, నొప్పి భరించి, చివరకు మరల బెల్టే ధరింపవలసి వచ్చినచో ఆ సాహసమువలన ప్రయోజనమేమి? కావున చాలమంది బెల్టునే నమ్ముకొనిరి.

ఈ స్థితిని మార్చినవాడు ఎడొవార్డో బస్సీని. ఇతడు 1844 ఏప్రిల్ 14వ తేదీన ఇటలీ దేశమునందలి పావియా నగరమున జన్మించెను. ఆ నగరపు విశ్వవిద్యాలయముననే వైద్యశాస్త్రము చదివి, 1866లో ఇరువది రెండేండ్ల ప్రాయమున పట్టము పొందెను. ఆ దినములలో ఇటలీ యువకుల హృదయములందు దేశైక్యమను ఒక్క తలంపే మండుచుండెను. దేశములో అధికభాగము ఏకమైనను రోము నగరము ఇంకను పోపు పాలనలోనే యుండెను. దానిని విడిపింప గారిబాల్డీ నడుము కట్టెను. పావియాకు చెందిన కైరోలీ సోదరులు డెబ్బది మందికి పైగా యువకులను వెంటబెట్టుకొని రోములోని తిరుగుబాటుదారులకు ఆయుధములు అందింప బయలుదేరిరి. వారిలో బస్సీని ఒకడు. వైద్యుడయ్యు అతడు తుపాకి పట్టిన సిపాయిగనే పోయెను.

వారు చేరుసరికి నగరమున తిరుగుబాటు అణగిపోయియుండెను. 1867 అక్టోబరు 23న రోము వెలుపల విల్లా గ్లోరి యను గుట్టపై పోపు సైనికులు వారిని ఎదుర్కొనిరి. కైరోలీ సోదరులలో ఎన్రికో అచ్చటనే మరణించెను. జొవాన్నీ తీవ్రముగా గాయపడెను. బస్సీనికి కుడి గజ్జలో బాయినెట్టు పోటు దిగెను. శత్రువులు అతనిని బందీగా పట్టుకొనిరి. పోటు ప్రేగువరకు పోయినందున గాయము మానక, ప్రేగులోని మలినము దానిగుండా వెలికి వచ్చుచుండెను. నెలల తరబడి అట్లు బాధపడెను. విడుదలయై పావియా చేరిన పిదప తన గురువైన లూయీజీ పోర్టా చికిత్స చేయగా క్రమముగా కోలుకొనెను.

ఈ గాయమే అతనిని హెర్నియావైపు మరల్చినదని చెప్పుట కథకు సొగసుగా నుండును. కాని ఆ పోటునకును, అతని ప్రసిద్ధమైన శస్త్రచికిత్సకును నడుమ పదునేడేండ్లు గడచినవి. ఆ కాలమున అతడు నేర్చినదే మనకు ముఖ్యము. వియన్నాలో బిల్రోత్, బెర్లినులో లాంగెన్‌బెక్, మ్యూనిచ్‌లో నుస్‌బౌమ్ మొదలగు మహావైద్యుల యొద్ద శస్త్రకళ నభ్యసించెను. బ్రిటనులో లిస్టరును దర్శించి, కార్బాలిక్ ఆమ్లముతో గాయములు చీముపట్టకుండ కాపాడు పద్ధతిని తెలిసికొనెను. ఈ పద్ధతియే లేనిచో కడుపుగోడను విప్పి చూచుటకు ఎవడును సాహసింపలేకపోయెడివాడు. దానిని ఇటలీలో నాటినవారిలో బస్సీని ముఖ్యుడు.

1882లో అతడు పాదువా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. మొదట అతడును పాత పద్ధతులనే అనుసరించెను. కాని రోగులు గాయము మానిన పిదపను బెల్టు ధరింపవలసి వచ్చుట అతనికి తృప్తి నీయలేదు. బెల్టు అక్కరలేని గోడ కావలెను. దానికై ప్రకృతి ఆ గోడను ఎట్లు కట్టినదో అట్లే మరల కట్టవలెనని అతడు నిశ్చయించెను: రెండు ద్వారములు, వాని నడుమ వాలుదారి, దారికి వెనుక గట్టి గోడ, ముందు మరియొక గోడ.

1884 చివర అతడు ఈ విధమున తొలి చికిత్స చేసెను. ముందుపొరను కోసి దారిని పూర్తిగా తెరచెను. ఉబ్బు తిత్తిని లోపలి ద్వారము వద్దనే కట్టి కోసివేసెను. దారిన పోవు నాళములను ప్రక్కకు ఎత్తిపట్టి, వెనుకగోడలోని లోపలి పొరను సైతము విప్పెను. తరువాత లోపలి కండరములను, ఆ పొరను మూడింటిని కలిపి, గజ్జమడతలో త్రాడువలె బిగిసియుండు బంధనమునకు పట్టుదారముతో కుట్టెను. నాళములను ఈ క్రొత్త గోడపై పరుండబెట్టి, పైపొరను మూసెను. వినుటకు ఇది దర్జీపనివలె తేలికగా తోచును. కాని ఏ పొరను దేనితో కలుపవలెనో కనుగొనుటకు శరీరనిర్మాణమును ఎంత నిశితముగా పరిశీలింపవలెనో ఊహించుకొనుడు.

1887లో జెనోవా నగరమున ఇటలీ శస్త్రవైద్యుల సభలో అతడు తన పద్ధతిని వివరించెను. 1889లో దానిపై గ్రంథము ప్రకటించెను. అందు 262 చికిత్సల వివరము కలదు. నా దృష్టిలో అతని గొప్పతనము కుట్టులో ఎంత కలదో ఈ లెక్కలోను అంత కలదు. రోగి మంచము దిగి ఇంటికి పోయినంతనే అతడు దానిని విజయముగా లెక్కింపలేదు. నాలుగేండ్లకు పైబడిన కాలము వరకు రోగులను వెదకి పరీక్షించి, గోడ నిలిచినదా లేదా యని చూచెను. హెర్నియా మరల వచ్చినవారు నూటికి ముగ్గురు మాత్రమే. ఇంచుమించు అదే కాలమున అమెరికాలోని బాల్టిమోరు నగరమున హాల్‌స్టెడ్ అను వైద్యుడు స్వతంత్రముగా ఇట్టి పద్ధతినే కనుగొనెను. అప్పటినుండి బెల్టా, కత్తియా యను ప్రశ్నకు కూలివానికిగాని మల్లునకుగాని వేరు సమాధానము చెప్పుట సాధ్యమయ్యెను.

నేడు వైద్యులు పెక్కుచోట్ల కుట్టునకు మారుగా సన్నని కృత్రిమపు వలను గోడకు అమర్చుచున్నారు. తొందర లేని సందర్భములును కలవు. పురుషులలో బాధలేని చిన్న హెర్నియాను వైద్యుని పర్యవేక్షణలో కొంతకాలము చూచుచుండుట ప్రమాదకరము కాదని 2006లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన తెలిపెను. అయినను అట్లు వేచియున్నవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది పదేండ్లలో శస్త్రచికిత్సకు రాక తప్పలేదు. నొప్పి పెరుగుటే అందుకు ముఖ్యకారణము. ఉబ్బు లోనికి పోక గట్టిపడి, నొప్పియు వాంతులును కలిగినచో మాత్రము ఒక గంటయైనను ఉపేక్షింపరాదు. చికిత్స పొందిన వస్తాదు వైద్యుని సలహాతో మొదట తేలిక బరువులను, పిదప క్రమముగా పెద్ద బరువులను ఎత్తవచ్చును.

బస్సీని 1904లో సెనేటు సభ్యుడయ్యెను. 1924 జూలై 19న వెరోనాకు చేరువనున్న విగాసియోలో ఎనుబదియేండ్ల వయసున మరణించెను. అప్పటికే అతని పద్ధతి దేశదేశములకు ప్రాకెను. కాని ప్రాకుచు ప్రాకుచు కొంత చెడెను. తొందరపడిన వైద్యులు లోపలి పొరను విప్పకయే పై కండరములను మాత్రము కుట్టి, దానిని బస్సీని చికిత్సయే యనిరి. గోడలు మరల తెగసాగెను. 1945లో కెనడా దేశమున షోల్‌డైస్ అను వైద్యుడు స్థాపించిన ఆసుపత్రిలో ఆ పొరను మరల విప్పి కుట్టుట ప్రారంభింపగా ఫలితములు మరల బాగుపడినవి. గురువు చేసినదేమో చూడగోరువారికి శిష్యుడు కత్తెరీనా గీయించిన పటములు సిద్ధముగనే యుండెను. అవి 1930వ దశకమున అచ్చయ్యెను. వానిలో అందరును విడిచిపెట్టిన ఆ లోపలి పొర కోత స్పష్టముగా కానవచ్చును.