దివాన్ దేవిడి కడపటి యజమాని

పాలమూరు సీమలోని కోస్గి నేటికిని మగ్గములాడు ఊరు. జాగీర్ల కాలమున ఆ ఊరి శిస్తు నిజాము ఖజానాకు గాక సాలార్‌జంగుల ఇంటికి పోయెడిది. కొప్పళ్, అజంతా జాగీర్ల రాబడితో బాటు కోస్గి రైతు చెల్లించిన రూకలును కలిసి హైదరాబాదులోని దివాన్ దేవిడిని నింపినవి. ఆ ఇంటి కడపటి యజమాని మూడవ సాలార్‌జంగు, నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్.

ఆయన 1889 జూన్ 13వ తేదీన జన్మించెను. నెల తిరుగకమునుపే తండ్రి లాయఖ్ అలీఖాన్ మరణించెను. తాతయగు మొదటి సాలార్‌జంగు అంతకు ఆరేండ్లకు పూర్వమే, 1883లో గతించియుండెను. ఇట్లు పెద్దల మొగమెఱుగని బిడ్డకు వారు విడిచిపోయిన వస్తువులే వారి జ్ఞాపకములైనవి. 1876లో తాత ఐరోపా యాత్రలో రోము నగరమున సంపాదించిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి ప్రతిమ వానిలో ముఖ్యమైనది.

ఆ వస్తువులు కొలువైన ఇల్లును సామాన్యమైనది కాదు. అద్దముల సొగసుతో ఐనాఖానా, పింగాణీ సొగసుతో చీనీఖానా అందుండెను. మనము పండుగకు ఇల్లు వెల్లవేయునపుడు సామాను వాకిట పెట్టి గోడకు సున్నము పూయుదుము. చీనీఖానాలో సామానే గోడకు రంగు. సున్నము కనబడవలసిన చోట పళ్లెములు, గిన్నెలు పొదిగియుండెను. అచ్చట గోడ ఏదో, ఆస్తి ఏదో వేఱుచేయుట కష్టము.

యూసుఫ్ అలీఖాన్ 1912లో నిజామునకు ప్రధానమంత్రియై, 1914లో ఆ పదవిని వీడెను. తక్కిన ముప్పదియైదేండ్ల జీవితమును చిత్రములు, గ్రంథములు, దంతపు పనులు, గడియారములు సేకరించుటకే వినియోగించెను. వివాహమాడలేదు. 1949 మార్చి 2వ తేదీన సంతానము లేకయే కన్నుమూసెను. ఆ యేడు ఆగస్టులోనే జాగీర్లు రద్దయినవి. కోస్గి శిస్తుకును దేవిడికిని గల సంబంధము అంతటితో తెగెను.

వారసులు పంచుకొన్నచో ఆ సేకరణ చెదరిపోయెడిదే. కాని కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వస్తువులను అమర్చగా, 1951 డిసెంబరు 16వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ దేవిడిలోనే ప్రదర్శనశాలను ప్రారంభించెను. 1958లో బంధువులు రాజీపడి సేకరణను ప్రభుత్వమునకు అప్పగించిరి. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించెను. 1968లో వస్తువులన్నియు మూసీ దక్షిణపు టొడ్డునగల క్రొత్త భవనమునకు తరలినవి.

ఇల్లు మాత్రము తరలలేదు. వస్తువులు పోయిన దేవిడి తరువాతి కాలమున నేలమట్టమయ్యెను. ద్వారములు మిగిలినవి. నేడు కోస్గినుండి పోయిన మనుష్యుడు టిక్కెట్టు కొని రెబెక్కాను తనివిదీర చూడవచ్చును. తన పూర్వుల శిస్తు చేరిన ఆ ఇంటి గోడను మాత్రము చూడజాలడు. వస్తువులను పట్టీ వ్రాసి కాపాడుకొంటిమి. గోడను పట్టీలో చేర్చుట మఱచితిమి. పాలమూరు, నల్లగొండ సీమలలో పాతసామానుతో నిలిచియున్న గడీలను, మేడలను చూచునపుడైనను ఈ సంగతి జ్ఞప్తియందుండవలెను.