పత్రికను నడిపిన పంతులుగారు – కందుకూరి వీరేశలింగము

మన డయాసిస్ నూరేండ్ల పండుగ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని కమిటీవారు అడిగినప్పుడు, బోధకుడను గనుక ఏ మిషనెరీ జీవితమునో వ్రాస్తానని చాలమంది అనుకొని ఉంటారు. ఆ చరిత్రలను నాకంటె బాగుగా వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను మాత్రము మన గోదావరి ఒడ్డున పుట్టి, మన సంఘమునకు చెందకపోయినను మన జిల్లాల బ్రదుకును మార్చిన కందుకూరి వీరేశలింగము పంతులుగారిని గూర్చి వ్రాయదలచాను. ఆయన వితంతు వివాహములు జరిపించారని బడిపిల్లలకు కూడ తెలుసు. అయితే ఆయన ఒక పత్రికను ఎట్లు మొదలుపెట్టారో, దాని ఖర్చును, కష్టమును ఎట్లు భరించారో మనము అంతగా ఆలోచించము. ఆయన చేసిన తక్కిన పనులకు ఆ పత్రికయే పునాది అని నా నమ్మకము.

ఇట్లు చెప్పుటకు నా సొంత అనుభవము కూడ ఒక కారణము. వేదాంత కళాశాల విడిచి వచ్చిన కొత్తలో, నేను పనిచేసిన పాస్టరేటులో ఒక చిన్న మాసపత్రిక మొదలుపెట్టాను. ఎనిమిది పేజీలు, రెండు వందల ప్రతులు. మొదటి సంచికను అందరు మెచ్చుకొన్నారు. చందా మాత్రము అడిగితే ఇచ్చేవారు కొందరు, అడుగుటకే నాకు సిగ్గువేసినవారు కొందరు. ఏడవ నెలలో అచ్చుకూటపు బాకీ చూచుకొని పత్రికను ఆపివేశాను. చందా ఇవ్వనివారి తప్పు అందులో ఎంతో, లెక్క చూడకుండ దిగిన నా తప్పు కూడ అంతే. తరువాత పంతులుగారి జీవితమును చదువుచుండగా, నేను ఏడు నెలలు మోయలేని బరువును ఆయన ఏండ్ల తరబడి మోశారని గ్రహించాను.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరములో జన్మించారు. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. పసితనములోనే మశూచి సోకి బ్రదికారు. నాలుగేండ్లకే తండ్రి పోయారు. పెదతండ్రి వేంకటరత్నముగారు పెంచారు. 1861లో బాపమ్మగారితో వివాహము జరిగింది. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి అని పేరు పెట్టారు. చదువు ముగిసిన తరువాత వకీలు పని చేయవచ్చునని ఆయన తలచారు గాని, ఆ వృత్తిలో అబద్ధము ఆడక తప్పదని తోచి మానుకొన్నారు. కోరంగిలోను, ధవళేశ్వరములోను బడిపంతులు పని చేశారు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకోవాలి. అబద్ధము చెప్పనక్కరలేని వృత్తి కొరకు వెదకిన మనిషి పత్రిక దగ్గరకు వచ్చాడు.

1874వ సంవత్సరము ఆయనకు ముఖ్యమైనది. కాటన్ దొరగారి ఆనకట్ట కట్టి అప్పటికి ఇరువది రెండేండ్లు. ఆ ఆనకట్ట దగ్గరి ధవళేశ్వరములో పంతులుగారు ఆ సంవత్సరము సెప్టెంబరులో ఆడపిల్లల కొరకు ఒక పాఠశాలను తెరిచారు. మరుసటి నెల, అక్టోబరులో, వివేకవర్ధని మాసపత్రికను ప్రారంభించారు. తెలుగు భాషను వృద్ధి చేయుట ఒకటి, జనుల దురాచారములను మాన్పించుట రెండు – ఇవి ఆ పత్రిక ఉద్దేశములు. బడికి వచ్చే పిల్లలకు ఆయన పగటిపూట చెప్పేవారు. బడికి రాని తల్లిదండ్రులకు చెప్పుటకు పత్రిక కావలసివచ్చింది.

మొదట పత్రికను చెన్నపట్టణములో అచ్చు వేయించవలసి వచ్చింది. ఆ కష్టమును ఈనాటివారు ఊహించుట కూడ సులభము కాదు. రాజమహేంద్రవరమునకు చెన్నపట్టణము సుమారు 350 మైళ్లు. గోదావరిమీద రైలు వంతెన 1900లో గాని రాలేదు. వ్రాతప్రతి అంత దూరము తపాలాలో పోవాలి. అచ్చయిన కాగితములు అంత దూరము తిరిగి రావాలి. నడుమ ఒక తప్పు దొర్లితే దిద్దుటకు వ్యవధి లేదు. నెలపత్రిక ఆ నెలలో చేరకపోతే చందాదారునికి నమ్మకము పోతుంది. ఊరిలో జరిగిన అన్యాయమును గూర్చి వ్రాస్తే, అది అచ్చయి వచ్చేసరికి ఊరివారు దానిని మరచిపోయి ఉంటారు.

అందుచేత పంతులుగారు రాజమహేంద్రవరములోనే ముద్రాక్షరశాలను నెలకొల్పారు. ఆయన పత్రికా జీవితములో నాకు అన్నిటికంటె గొప్పదిగా కనబడే నిర్ణయము ఇదే. జీతము మీద బ్రదికే బడిపంతులుకు అది చిన్న సాహసము కాదు. ఇంగ్లీషు అచ్చుకు కొద్దిపాటి అక్షరములు చాలును. తెలుగుకు గుణింతములు, వత్తులు, సంయుక్తాక్షరములు కలిపి వందలకొలది సీసపు అచ్చులు కావాలి. వాటిని గడులలో సర్ది, ఒక్కొక్కటి ఏరి తిరుగబడిన అక్షరములుగా కూర్చే కంపోజిటరు కావాలి. ప్రూఫులు దిద్దేవారు కావాలి. యంత్రమును చేతితో త్రిప్పేవారు కావాలి. పేజీ అచ్చయ్యేవరకు ఆ సీసమంతా అందులోనే చిక్కుకొని ఉంటుంది. విడదీసి గడులలో మరల వేస్తేనే తరువాతి పేజీ. కాగితమునకు, సిరాకు, కూలికి డబ్బు ముందు పెట్టాలి. చందా తరువాత వస్తుంది, లేదా రాదు.

చందా పంపదలచినవానికి కూడ ఆ రోజులలో మార్గము సులభము కాదు. మన తపాలా కచేరీలలో మనియార్డరు పద్ధతి 1880లో గాని మొదలుకాలేదు. ఫోనుమీద వ్రేలు పెట్టి డబ్బు పంపుతున్న మనకు ఆ సంగతి వింతగా ఉంటుంది. ఇట్టి కాలములో కేవలము పత్రిక చందాలతో ముద్రాక్షరశాల నిలువదు. దానికి పుస్తకముల పని కావాలి. పంతులుగారు వ్యాకరణము, నాటకము, ప్రహసనము, చరిత్ర, కథ – అన్నిటిలో కలము పెట్టారు. పత్రికలో వచ్చినది తరువాత పుస్తకమయ్యేది. ఒకే శ్రమ రెండుసార్లు ఫలించేది. చిన్న పత్రిక నడుపుటలో ఇది తెలివైన పద్ధతి.

పాఠకుని పట్టి ఉంచుట కూడ ఆయనకు తెలుసు. ఉపదేశము ఒక్కటే పెడితే జనులు చదువరని మన బోధకులకు బాగా తెలిసిన సంగతే. బాల్య వివాహములను, కన్యాశుల్కమును, వకీళ్ల మోసములను ఆయన నవ్వించే సంభాషణలుగా వ్రాశారు. చెన్నపట్టణములో ఆంధ్రభాషా సంజీవనిని నడుపుచుండిన కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు స్త్రీవిద్య మొదలైన విషయములలో ఆయనకు ప్రతికక్షి. వారు హాస్యవర్ధని అని పేరుపెట్టి వీరిని ఎగతాళి చేస్తే, వీరు హాస్యసంజీవని అని పేరుపెట్టి వారికి బదులు చెప్పారు. 1878 మొదలుకొని రాజశేఖర చరిత్రమును పత్రికలో భాగములుగా ప్రకటించి, 1880లో పుస్తకముగా తెచ్చారు. ఇంగ్లండులో ఒక పల్లెటూరి పాదిరి కుటుంబమును గూర్చి గోల్డ్‌స్మిత్ వ్రాసిన నవల దానికి ప్రేరణ. అయితే కథలోని మనుష్యులు, ఆచారములు, పొగడ్తలకు ఉబ్బి చెడిన ఇల్లు – అన్నియు మన గోదావరి తీరమువే. తరువాత అది ఇంగ్లీషులోనికి అనువదింపబడి 1887లో లండనులో వెలువడింది.

అచ్చుకూటము తనదైనందున ఆయన నోరు తనదైంది. రాజమహేంద్రవరపు న్యాయస్థానములలో లంచము తీసుకొని తీర్పులు అమ్ముచున్నారని తెలిసినప్పుడు వివేకవర్ధని దానిని బయటపెట్టింది. అదే పరుల అచ్చుకూటమైతే యజమాని భయపడి కాగితము వెనుకకు పంపి ఉండవచ్చును. 1879 ఆగస్టులో వితంతువుల పునర్వివాహమును గూర్చి ఆయన బహిరంగముగా ఉపన్యసించినప్పుడు కూడ అంతే. సభలో విన్నవారు కొందరే. అచ్చులో చదివినవారు, చదివి కోపించినవారు, కోపించి జవాబు వ్రాసినవారు ఊరూర ఉన్నారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిగేనాటికి, ఆ వాదమును తెలుగువారి ముందు ఏండ్లుగా పరచినది పత్రికయే.

దాని వెల ఇంటిమీద పడింది. కులము వెలివేసింది. వంటమనుష్యులు, నీళ్లు తెచ్చేవారు ఆ ఇంటికి రామన్నారు. రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నీళ్లు మోసి, దిక్కులేక వచ్చిన ఆడపిల్లలకు వండిపెట్టారు. పత్రికమీద ఆయన పేరు ఉన్నది, ఆమె పేరు లేదు. అయినను మన స్త్రీల సమాజములవారు ఈ భాగమును చదివేటప్పుడు ఆమె పాలు ఎంతో గుర్తింతురు గాక.

ఆ తరువాత కూడ ఆయన పత్రికలను విడువలేదు. స్త్రీల కొరకు 1883లో సతీహితబోధినిని వెలువరించారు. 1891లో న్యాపతి సుబ్బారావు పంతులుగారు చింతామణి మాసపత్రికను ప్రారంభించగా సంపాదకత్వము వహించారు. చింతామణివారు నవలలకు పోటీలు పెట్టి బహుమతులు ఇచ్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రామచంద్ర విజయము అట్లు బహుమతి పొందినదే. పత్రిక తన పాఠకులనుండియే రచయితలను తయారుచేసుకోవాలన్న మంచి సూత్రము ఇందులో ఉన్నది. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తన ఆస్తిని దానికి ధారపోశారు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించారు. 1919 మే 27న చెన్నపట్టణములో పంతులుగారు కన్నుమూశారు. రాజమహేంద్రవరములో ఆయన జన్మించిన ఇల్లు నేడు స్మారక భవనముగా ఉన్నది. ఆ వైపు వెళ్లినప్పుడు మన యువజనులు చూడవలసినది.

ఆయనలో లోపము లేదని చెప్పుట నా ఉద్దేశము కాదు. ఆయన కలము కొన్నిసార్లు దోషమును దాటి దోషిని పొడిచేది. ఎగతాళి చదువుటకు బాగుంటుంది, ఎదుటివాని మనస్సును మార్చుటకు ఎల్లప్పుడు పనికిరాదు. బోధపీఠమునుండి మాట్లాడే మాకు కూడ ఈ ప్రమాదము ఉన్నది.

ఇక మన మాట. తెలుగు పత్రికల చరిత్ర వ్రాసినవారు 1835లో బళ్లారి క్రైస్తవుల పక్షమున వచ్చిన సత్యదూతను మొదటి పేజీలలోనే పేర్కొంటారు. అచ్చు అక్షరమును ప్రేమించే సంప్రదాయము మనకు కొత్తది కాదు. అయితే సంఘ పత్రిక ఉచితముగా రావాలని, వచ్చినది చదువకపోయినను తప్పులేదని మనము అనుకొంటున్నాము. నా ఏడు నెలల పత్రికను తలంచుకొన్నప్పుడు నాకు ఒక సంగతి స్పష్టమైంది. నేను వ్యాసములను సిద్ధము చేసుకొన్నాను గాని చందాదారులను సిద్ధము చేసుకోలేదు. సత్యము చెప్పాలన్న కోరిక ఉంటే చాలదు. దానిని నెల నెల నిలబెట్టే కాగితము లెక్క, కూలి లెక్క కూడ ఆ సత్యములో భాగమే. పంతులుగారు ఆ లెక్కను హీనమైన పనిగా ఎంచలేదు. తన పత్రిక ఎవరి దయమీదను ఆధారపడకుండునట్లు చూచుకొన్నారు గనుకనే ఎవరికిని భయపడక వ్రాయగలిగారు.

ఈ సంచికను చేత పట్టుకొన్న ప్రతి సంఘసభ్యుడు, తన పాస్టరేటులో ఏ చిన్న పత్రిక వస్తున్నను దాని చందాను అడుగకముందే చెల్లించును గాక. అచ్చులో తప్పు కనబడితే ఉత్తరము వ్రాయును గాక. నేను కూడ నా పాత ఖాతా పుస్తకమును మరల తెరిచాను. ఈసారి మొదట చందాదారుల పట్టీ వ్రాసుకొని, తరువాతనే మొదటి వ్యాసము వ్రాస్తాను.